గాలి మీటరు

నా నెత్తిల, ఎడమ కణత లోపల
ఒక మీటరున్నది.
కంపెనీ పెట్టింది కాదు.

కంపెనీ మీటరు క్రేను కొసకుంటది.
మూడు గిన్నెలు గిరగిర తిరిగి
గాలి వచ్చినంక వచ్చిందని చెప్తది.
నాది ముందురోజే చెప్తది.

మొదలు మెడ వట్టుకుంటది.
ఆవులింత మీద ఆవులింత.
మెస్సుల వేగే ఉల్లిగడ్డ వాసన
మూడు గోడలు దాటొచ్చి ముక్కుల గుచ్చుతది.
అప్పుడు సనాయా కేంపు డాబా మీదికి వోయి
ఉత్తరం దిక్కు చూస్త.
ఏముండదక్కడ.
ఇస్త్రీ చేసిన అంగీ లెక్క తెల్లటి ఆకాశం.
రేపు షమాల్ లేస్తది.

రూములోళ్లకు ఎరుకే.
"గంగరాజమన్నా, నెత్తెట్లున్నది?"
అని అడిగినంకనే తీగె మీద బట్టలారేస్తరు.
నేను కణత వట్టుకుంటె
పిండినయి పిండినట్టే బకెట్ల ఉంచుతరు.
ఈ కొలువుకు జీతం లేదు, ఒక సులేమాని చాయ్.

లూసైల్‌ల ఇరవై ఆరో అంతస్తు పక్కన
నా అద్దాల అర్ర.
నిచ్చెన మెట్లు మూడువందల డెబ్బై,
దిగుడంటె మాట గాదు.

ఆ పొద్దు ఇనుప సలాకల కట్ట లేపిన,
రెండు టన్నులు.
సగం ఎత్తుల ఉండంగ
కన్ను కొసకు ఒక మెరుపు పురుగు పుట్టింది.
వంకర టింకరగ, వెల్డింగు నిప్పు లెక్క
పెరిగి పెరిగి
కింది మనుషులను మింగుడు వెట్టింది.
ముందు పసుపు టోపీలు వోయినయి.
తర్వాత లారీ సగం.
నా చెయ్యి నాకే కనవడలె,
లివరు మీదున్నదని తెలుస్తున్నది, గంతే.

మీటరు పద్నాలుగు చూపుతున్నది.
ఆకుపచ్చ లైటు.
రేడియోల ఏమని చెప్పాలె?
తలనొప్పంటె క్లినిక్కుకు తోల్తరు.
అన్‌ఫిట్ అని ఒక ముద్ర గుద్దుతరు.
ముద్రకేం నొప్పి?

కిందున్నది దిల్‌బహాదుర్, నేపాలోడు.
నాలుగేండ్ల సంది
అరువు దెచ్చుకున్న హిందీ మాటలు పదో పన్నెండో,
వాటితోనే బరువులు దించుకుంటున్నం.
"రాజం భాయ్?" అన్నడు.
"ఆ" అన్న.

ఆ ఒక్క అక్షరంల ఏం విన్నడో,
ఎడమకు... ఇంక... ఇంక... మెల్లగ... అనుకుంట
గుడ్డోని చెయ్యి వట్టి వాగు దాటిచ్చినట్టు
రెండు టన్నుల ఇనుమును నేలకు తెచ్చిండు.
గొలుసు వదులైన సప్పుడు
నా పండ్లల్ల వినవడ్డది.

ఎంటనే ఫోర్‌మన్ మీదికి ఒర్రుడు:
"గాలి సార్! పైన గాలి మస్తున్నది! ఆపాలె!"
గేటుకాడ జెండా గుడ్డ
నిద్రవోయినట్టు యాలాడుతున్నది.
ఫోర్‌మన్ జెండాను చూసిండట,
వీని మొఖం చూసిండట,
ఏమనుకున్నడో, ఆపుమన్నడట.

బ్రేకు వదిలి క్రేనును గాలికిచ్చేసిన.
దిగే కన్ను లేదు.
కవరుల కక్కి,
జిందా తిలిస్మాత్ కణతకు రుద్ది,
మొఖం మీద తువ్వాల కప్పుకున్న.
రెప్పల వెనుక కూడ ఎండనే.

నలభై నిమిషాలకు
ఉత్తరం నుంచి గోడ లెక్క లేసింది దుబ్బ.
సముద్రం వోయింది, పక్క బిల్డింగు వోయింది,
గిన్నెలు పిచ్చివట్టినట్టు తిరిగినయి,
ఎర్ర లైటు, సైరను.
కంపెనీ మీటరుకు గప్పుడు తెలివొచ్చింది.
అడ్డం నిలవడితె ఇరుగుతదని
క్రేను తన మొఖం తానే తిప్పుకుంటున్నది.
అండ్ల నేను,
నెత్తి రెండు చేతుల్ల వట్టుకొని
ఎటు తిప్పితె అటు.

గాలిని ముందే పసిగట్టినందుకు
ఆ నెల దిల్‌బహాదుర్‌కు సర్టిఫికెట్టు,
యాభై రియాళ్ల కూపను.
ఫోటోల నవ్వలేదు వాడు.
శుక్రవారం నేను లేసేసరికి
మెత్త పక్కన నల్లద్దాలున్నయి,
ధర చీటి చింపేసి.

బయట వాడు తడి అంగీ వట్టుకొని
తీగె కాడ నిలవడ్డడు.
"కల్?" అన్నడు.
కణత తడుముకొని చూసిన.

ఆరేసుకోరాదు, అన్న తెలుగుల.
ఆరేసిండు.